షార్జాలో మూడో జట్టు

ఏప్రిల్ 16, గురువారం

1998 ఏప్రిల్‌లో నేను అబుదాబి నుంచి షార్జా వెళ్లడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి కోకాకోలా కప్, ఇండియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆడే వన్డే క్రికెట్ టోర్నమెంట్. రెండోది మా బావ. మే నెలలో చుట్టీ మీద ఊరికి వెళ్తున్నాడు, అక్కకు పంపాల్సిన సామాను కొనడానికి నేను పక్కనుండాలట. అకౌంట్స్ పనిలో మార్చి లెక్కలు ముగించాక సెలవు అడిగితే మేనేజర్ పెద్దగా గొణగలేదు.

అబుదాబి నుంచి దుబాయ్ దాకా షేరింగ్ టాక్సీ. గంతూత్, జెబెల్ అలీ దాటేదాకా రోడ్డుకు రెండు వైపులా ఇసుక తప్ప మరేమీ లేదు. తర్వాత ఎడమవైపు దూరంగా సముద్రంలో కడుతున్న తెరచాప హోటల్, ఇంకాస్త ముందుకెళ్తే ట్రేడ్ సెంటర్. బర్ దుబాయ్‌లో దిగి అబ్రా అనే చిన్న పడవ ఎక్కి క్రీక్ దాటాను. దేరాలో మళ్లీ టాక్సీ. దుబాయ్, షార్జా ఆనుకునే ఉంటాయి, కానీ గురువారం సాయంత్రం ఆ కాస్త దూరానికి పట్టిన టైమ్‌లో జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లిపోవచ్చు. టాక్సీలో అందరూ ఒకటే మాట్లాడుతున్నారు: ఢిల్లీ ఫైనల్. రెండు రోజుల కిందటే అయింది అది. అదీ మూడు దేశాల టోర్నమెంటే, ఇండియా, ఆస్ట్రేలియా, జింబాబ్వే. లీగ్‌లో ఆస్ట్రేలియాను కొచ్చిలో, కాన్పూర్‌లో రెండుసార్లూ ఓడించి, ఫైనల్లో వాళ్లకే కప్పు అప్పగించాం.

బావ ఉండేది ఇండస్ట్రియల్ ఏరియాలో, కంపెనీ క్యాంపులో. మేస్త్రీ పని. రూమ్‌లో గోడలకు రెండంతస్తుల ఇనుప మంచాలు, ఒక్కో మంచానికి చీర ముక్క కర్టెన్. అందరూ నిజామాబాద్, కరీంనగర్ వాళ్లే. వంట వంతుల మీద నడుస్తుంది. ఆ రోజు వంతు నిర్మల్ అన్నది. కోడికూర, పచ్చిపులుసు, అన్నం చాలదేమోనని ఖుబ్బూస్ రొట్టెల కట్ట. తింటుంటే బావ టోర్నమెంట్ లెక్క చెప్పాడు. మూడు జట్లు, ఒక్కో జట్టు మిగతా రెండింటితో రెండేసి సార్లు ఆడుతుంది, లీగ్‌లో ఆరు మ్యాచ్‌లు, పైనున్న రెండు జట్లు ఫైనల్‌కి.

“ఇండ్ల అసలు మోసం ఏందంటే రా,” అన్నాడు బొక్క చీకుతూ, “మనకు మ్యాచ్ లేని దినమే మన పని తేల్తది.”

అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

ఏప్రిల్ 17, శుక్రవారం

శుక్రవారం ఇక్కడ సెలవు. షార్జా క్రికెట్ నిలబడిందే శుక్రవారాల మీద. ఎండలో సిమెంట్ మోసినవాడూ, ఆఫీసులో ఫైళ్లు మోసినవాడూ ఆ ఒక్క రోజే మనుషుల్లా బట్టలు వేసుకుని బయటికొస్తారు. కరాచీలో చదువుకునే రోజుల్లో క్రికెట్ పిచ్చి పట్టించుకున్న అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ అనే స్థానిక వ్యాపారి, గడ్డి కూడా మొలవని చోట ఈ గ్రౌండ్ కట్టించాడు. రిటైరైన ఆటగాళ్లకు డబ్బు సాయం చేసే బెనిఫిట్ మ్యాచ్‌లతో మొదలుపెట్టి, 1984 నాటికి అంతర్జాతీయ వన్డేలు తెచ్చాడు. ఆ మొదటి టోర్నమెంట్ కూడా ముక్కోణమే. ఇండియా, పాకిస్తాన్, శ్రీలంక ఆడిన మొట్టమొదటి ఆసియా కప్ అది. గెలిచింది మనమే.

అయినా మనవాళ్లకు షార్జా అంటే గుర్తొచ్చేది ఆ కప్పు కాదు. 1986లో చేతన్ శర్మ వేసిన ఆఖరి బంతి, పాకిస్తాన్‌ను గెలిపించిన మియాందాద్ సిక్సర్. అది కూడా శుక్రవారమే. అప్పటినుంచి ‘షార్జాలో శుక్రవారం ఇండియా గెలవదు’ అనే మాట ఒకటి స్థిరపడిపోయింది. క్యాంపులో ఒకాయన ఆ కారణంగానే స్టేడియానికి రానన్నాడు. టికెట్ డబ్బులు మిగులుతాయని అలా అన్నాడని బావ అనుమానం.

స్టేడియం టీవీలో కనిపించినంత పెద్దదేం కాదు. గేటు బయట మలయాళీ కుర్రాళ్లు జెండాలు, కాగితపు టోపీలు అమ్ముతున్నారు. మా స్టాండ్‌లో ముందు వరుసలో హైదరాబాద్ పాతబస్తీ వాళ్లు. అజహరుద్దీన్ టాస్‌కి వస్తుంటే కాలర్ ఎత్తి వాళ్లూ అలాగే భుజాలు ఎగరేశారు. కెప్టెన్ మనవాడు, ఆ ధీమా వేరు. సౌరవ్ గంగూలీ 105 కొట్టాడు, మిగతావాళ్లు అంతంతమాత్రం, మొత్తం 220. ఇంత తక్కువ స్కోరుతో గెలుస్తామా అనుకుంటుంటే, జలంధర్ నుంచి వచ్చిన ఓ పదిహేడేళ్ల ఆఫ్ స్పిన్నర్ బంతి పట్టుకున్నాడు. పట్కా కట్టుకున్న ఆ కుర్రాడి పేరు మా చుట్టుపక్కల ఎవరికీ సరిగ్గా తెలియదు. హర్భజన్ సింగ్ మొదటి వన్డే అది. న్యూజిలాండ్ చివరిదాకా లాక్కొచ్చి 15 పరుగుల దూరంలో ఆగిపోయింది.

శుక్రవారం గెలిచాం. రానన్న పెద్దమనిషి రాత్రి మా చేత రెండుసార్లు మ్యాచ్ అంతా చెప్పించుకున్నాడు.

ఏప్రిల్ 18, శనివారం

బావ పనికి వెళ్లిపోయాడు. క్యాంపు గేటు దగ్గర వాచ్‌మన్ పెషావర్ పఠాన్. గడ్డానికి గోరింటాకు రంగు. నన్ను చూడగానే “ఈ రోజు తారీఖు ఎంతో తెలుసా?” అని ఉర్దూలో అడిగాడు. ఏప్రిల్ 18. మియాందాద్ సిక్సర్ కొట్టి సరిగ్గా పన్నెండేళ్లు. అది చెప్పి, నాకు టీ ఇప్పించి మరీ ఏడిపించాడు.

షార్జా నడిబొడ్డున ఉన్న రోల్లా వెళ్లాను. పక్కనే అల్ హిస్న్ కోట. పాత కోటను 1970 ప్రాంతంలో చాలావరకు కూల్చేస్తే, ఇప్పటి పాలకుడు పాత ఫొటోలు వెతికించి మళ్లీ కట్టించాడట. కొత్తగా కట్టిన పాత కోట. ఓ గోడ నీడలో కాసేపు కూర్చున్నాను, అంతకుమించి నాకేమీ అనిపించలేదు.

దానికన్నా ఆశ్చర్యం వేసింది కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి. ట్రాఫిక్‌తో కిటకిటలాడే ఈ తిన్నటి రోడ్డు ఒకప్పుడు విమానాలు దిగిన రన్‌వే. 1932లో లండన్ నుంచి ఇండియా వెళ్లే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు రాత్రి ఆగడానికి ఇక్కడ చోటు చేశారు. పాత విమానాశ్రయం కట్టడం ఇంకా ఉంది. ఒకప్పుడు ఇండియాకు వెళ్లేవాళ్లు ఓ రాత్రి ఆగిన ఊరు ఇది. ఇప్పుడు ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఇరవయ్యేళ్లు ఆగిపోతున్నారు.

సాయంత్రం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ను 6 వికెట్ల తేడాతో ఓడించింది. టీవీలో కాసేపు చూసి పడుకున్నాను. మనది కాని మ్యాచ్ కదా అని.

ఏప్రిల్ 19, 20

ఈ రెండు రోజుల గురించి ఎక్కువ చెప్పాలని లేదు. ఆదివారం ఆస్ట్రేలియా 264 చేసింది, మనం 206కే ఆలౌట్. సచిన్ 80 కొట్టి వెళ్లాక మిగతా వరుసంతా స్టీవ్ వా నెమ్మది బంతులకు కుప్పకూలింది. విశ్రాంతి లేకుండా మర్నాడే న్యూజిలాండ్‌తో మ్యాచ్. 181కే సరిపెట్టుకున్నాం, వాళ్లు 4 వికెట్ల తేడాతో గెలిచారు. ఆ ఎండలో వరుసగా రెండు రోజులు వన్డేలు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఓ మధ్యాహ్నం మా బావతో పాటు స్లాబ్ మీద నిలబడితే తెలిసేది.

సోమవారం రాత్రి క్యాంపులో వంట వంతు ఎవరిదో ఎవరికీ పట్టలేదు. వాచ్‌మన్ మాత్రం ఈసారి ఏడిపించలేదు. “స్కూలు పిల్లల్లాగా ఆడారేంటి?” అని బాధగా అడిగాడు. ఏడిపించినా బాగుండేది.

ఏప్రిల్ 21, మంగళవారం

బావ మొదటి రోజు చెప్పిన మోసం ఈ రోజు అర్థమైంది.

లెక్క ఇలా ఉంది. ఆస్ట్రేలియా ఎలాగూ ఫైనల్ చేరినట్టే. మనకు ఒక గెలుపు, న్యూజిలాండ్‌కు ఒక గెలుపు, చెరో రెండు పాయింట్లు. ఈ రోజు న్యూజిలాండ్ ఆస్ట్రేలియాను ఓడిస్తే వాళ్లకు నాలుగు. అప్పుడు రేపు మనం ఆస్ట్రేలియాను ఓడించి తీరాలి, అది కూడా చాలకపోవచ్చు. ఆస్ట్రేలియా గెలిస్తే రేపు మనం ఓడిపోయినా రన్ రేట్ మీద బయటపడొచ్చు. అంటే మొన్న మనల్ని చితక్కొట్టినవాళ్ల కోసం ఈ రోజు మనం దేవుడికి దండం పెట్టుకోవాలి.

రోల్లా వెనక ఓ మలయాళీ కెఫటేరియాలో చేరాం. గోడకు ఎత్తుగా బిగించిన టీవీ, కింద పరోటా పెనం, పొగంతా తెర మీదికే. తెలుగువాళ్లు, మలయాళీలు, గుజరాతీ సేట్ల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు. ఒక్కరికీ ఆ మ్యాచ్‌తో సంబంధం లేదు, ఒక్కరూ కదలడం లేదు. న్యూజిలాండ్ 259 చేసేసరికి కెఫటేరియా అంతా చల్లబడింది. వాళ్ల కెప్టెన్ ఫ్లెమింగ్ మొహం చూస్తే మంచివాడిలా ఉంటాడు, తిట్టబుద్ధి కాదు. అదో ఇబ్బంది.

ఏదో ఆడిటింగ్ కంపెనీలో పనిచేసే మలయాళీ ఒకాయన బిల్లు కాగితం వెనక లెక్కలు వేస్తున్నాడు. నేనూ అకౌంట్స్ వాణ్నే కాబట్టి కుర్చీ పక్కకు లాక్కున్నాను. నెట్ రన్ రేట్ అంటే వినడానికి పెద్ద బ్రహ్మవిద్యలా ఉంటుంది గానీ, సంగతి చిన్నదే. లీగ్ మొత్తం మీద మన జట్టు ఓవర్‌కు ఎన్ని పరుగులు చేసిందో చూసి, అవతలివాళ్లకు ఓవర్‌కు ఎన్ని ఇచ్చిందో అందులోంచి తీసేయాలి. మెలిక ఎక్కడంటే, ఆలౌటైతే ఆడిన ఓవర్లు కాదు, యాభై ఓవర్లూ లెక్కలోకొస్తాయి. ఆదివారం మనవాళ్లు 206కి ఆలౌటైన పాపం అక్కడ తగిలింది. ఆయన పెన్సిల్ ఆపి ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. అప్పుల ఖాతాలో మేం గీసినట్టే.

అవతల ఆస్ట్రేలియా ఛేజింగ్ మొదలైంది. ఫోర్ పడితే మా బావ బల్ల గుద్దాడు. “శభాష్ బిడ్డా” అంటున్నాడు, ఎవరిని? పాంటింగ్‌నో, బెవాన్‌నో, ఆ సమయానికి ఎవరుంటే వాళ్లని. మొన్నటిదాకా వాళ్ల మీద పడని శాపం లేదు. బయట ఫుట్‌పాత్ మీద నిలబడి అద్దంలోంచి చూస్తున్న ఓ పాకిస్తానీ డ్రైవర్‌కు మా అవస్థ అర్థమై, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆస్ట్రేలియా 5 వికెట్లతో గెలిచింది. కెఫటేరియా యజమాని అందరికీ సులేమానీ టీ ఉచితంగా పోశాడు.

నన్నడిగితే మూడు దేశాల టోర్నమెంట్ రుచంతా ఇక్కడే ఉంది. రెండు దేశాల సిరీస్‌లో శత్రువు ఎవరో పొద్దున్నే తెలిసిపోతుంది. ప్రపంచ కప్‌లో జట్లెక్కువై లెక్క తప్పిపోతుంది. మూడైతేనే ఈ చుట్టరికాలు. నిన్నటి పగవాడు ఈ రాత్రికి మేనమామ.

ఏప్రిల్ 22, బుధవారం

బావ పూటకే పని మానేసి వచ్చాడు. ఫోర్‌మన్ ఏమంటాడని అడిగితే “ఖల్లివల్లి” అన్నాడు. గల్ఫ్‌లో ఈ ఒక్క మాటతో తేలని సమస్య లేదు. పోతే పోనీ అని.

ఆస్ట్రేలియా 284 కొట్టింది. మార్క్ వా 81, బెవాన్ నాటౌట్ 101. బెవాన్ ఆట చూస్తుంటే కొట్టినట్టే ఉండదు, చూసేసరికి సెంచరీ అయిపోతుంది. గెలవాలంటే 285, ఓడినా రన్ రేట్‌లో న్యూజిలాండ్‌ను దాటి ఫైనల్ చేరాలంటే 254. ఆ 254 అన్న అంకె స్టాండ్ అంతా నోటినోటా తిరుగుతోంది. ముందు వరుస పాతబస్తీ వాళ్లలో ఒకతను మాత్రం “అదేం మాట మియా, గెలవాలి” అని అందరినీ కోప్పడుతున్నాడు.

గంగూలీ తొందరగా పోయాడు. మోంగియాను ముందుకు పంపితే అతను కాస్త ఆదుకున్నాడు. అజహర్ వచ్చాడు, వెళ్లాడు, అజయ్ జడేజా కూడా. 138కి నాలుగు వికెట్లు. అప్పుడు లక్ష్మణ్ దిగాడు. వన్డేల్లోకొచ్చి రెండు వారాలైనా కాలేదు, కటక్‌లో జింబాబ్వే మీద ఈ నెల 9న మొదటి మ్యాచ్. “మనోడే రా, హైదరాబాద్!” అని బావ పక్కనున్న గుజరాతీకి హిందీలో, అతని పక్కనున్న శ్రీలంక అతనికి సైగలతో చెప్పాడు. టోర్నమెంట్ బతుకంతా మన ఊరి కుర్రాడి చేతిలో సగం పడింది. నాకైతే అరచేతులు చెమట పట్టాయి.

31 ఓవర్లు, 143కి నాలుగు. సరిగ్గా అప్పుడు గాలి తిరిగింది.

మొదట ఫ్లడ్‌లైట్ల వెలుగు పసుపు రంగులోకి మారింది. స్టాండ్ వెనక నుంచి చెరకు ఆడించే మిషన్ మోతలాంటిది వినిపించింది. ఏమిటా అని వెనక్కి తిరిగేలోపే ఇసుక మొహాన కొట్టింది. చేతిలో కోక్ కప్పు లేదు, ఎక్కడికి పోయిందో. కళ్లు మూసుకున్నా రెప్పల కింద గరగర. పళ్ల మధ్య ఇసుక. బావ తువ్వాల తీసి నా తల మీద, తన తల మీద కలిపి కప్పాడు. దాని అంచులోంచి చూస్తే గ్రౌండ్‌లో ఆటగాళ్లు బోర్లా పడుకున్నారు. ఎవరు మనవాళ్లో ఎవరు వాళ్లో తెలియలేదు. ఇంత ఇసుక గాలి ఎప్పుడూ చూడక, గాలికి కొట్టుకుపోతానేమోనని భయపడి దగ్గరున్న గిల్‌క్రిస్ట్‌ను పట్టుకుందామనుకున్నానని సచిన్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆట ఆగింది. ఇక ఉంటుందో లేదో తెలియదు. ముక్కులోంచి, చెవుల్లోంచి ఇసుక దులుపుకుంటూ అందరం మళ్లీ లెక్కల్లో పడ్డాం. కాసేపటికి సర్దుకుంది. నాలుగు ఓవర్లు కోసేశారు. 46 ఓవర్లలో గెలవాలంటే 276, ఫైనల్ చేరాలంటే 237. అంటే మిగిలిన పదిహేను ఓవర్లలో ఫైనల్‌కి 94, గెలుపుకి 133. ఓవర్లు నాలుగు పోయాయి, గెలుపు లక్ష్యం తగ్గింది తొమ్మిదే పరుగులు. నా పక్కన గుజరాతీ “ఇది వడ్డీ వ్యాపారం కన్నా అన్యాయం” అన్నాడు. ఆ వ్యాపారం సంగతి అతనికి తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. నేను చూసింది మాత్రం చెబుతాను. గాలి పూర్తిగా తగ్గలేదు, బంతి పైకి లేస్తే లైట్ల దగ్గర ఇసుక రేణువుల మధ్య ఓ క్షణం మాయమయ్యేది. మాయమైంది ఎక్కడ తేలుతుందా అని మేం వెతుకుతుంటే అది స్టాండ్‌లో పడేది. సచిన్ ఐదు సిక్సర్లు కొట్టాడు. ఒక్కోదానికి మెడ నొప్పి పుట్టేలా తల ఎత్తాం. ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ చేతిలో బంతి ఉన్నా మా వరుసలో ఎవరూ ఊపిరి బిగబట్టడం లేదు. నాకు అన్నిటికన్నా అది కొత్తగా తోచింది.

అవతల ఎండ్‌లో లక్ష్మణ్. మనవాడని చెప్పడం కాదు గానీ ఆ రాత్రి అతను చేసిన పని ఎవరూ రాయలేదు. సచిన్ అరిచాడు, రెండో పరుగుకు రాలేదని కసిరాడు, మా స్టాండ్ దాకా తెలిసింది. కుర్రాడు తల వంచుకున్నాడు, వికెట్ పారేసుకోలేదు. ఇద్దరూ కలిసి 104 పరుగులు. అందులో లక్ష్మణ్‌వి ఎన్నో లెక్కేయక్కర్లేదు. 34 బంతులాడి 23 నాటౌట్. 138కి నాలుగు నుంచి ఆ ఎండ్ అలా నిలబడకపోతే రెండో ఎండ్‌లో తుఫాను ఎవరికోసం?

237 దాటింది. ఇండియా ఫైనల్‌లో. జనం లేచి గెంతుతున్నారు. సచిన్ మాత్రం బ్యాట్ ఎత్తలేదు, అతను 276 లెక్కలో ఉన్నాడు. మరికాసేపటికి డామియన్ ఫ్లెమింగ్ బంతికి గిల్‌క్రిస్ట్ క్యాచ్. 131 బంతుల్లో 143. స్కోరు అప్పటికి 242. అతను వెళ్లాక మిగిలిన ఓవర్లలో వచ్చింది ఎనిమిదే పరుగులు. 250 దగ్గర ఆగాం. మ్యాచ్ ఓడిపోయాం.

ఓడిపోయిన మ్యాచ్‌కి క్యాంపులో స్వీట్లు పంచారు. వాచ్‌మన్ పఠాన్ మా ఇద్దరి తలలూ చూసి, గేటు పక్క నల్లా విప్పి “ముందు ఇసుక కడుక్కోండి, తర్వాత మాట్లాడదాం” అన్నాడు. తర్వాత అర్ధరాత్రి దాకా ఆ ఇన్నింగ్స్ గురించే మాట్లాడింది అతనే.

ఏప్రిల్ 23, గురువారం

లీగ్ ముగిసింది. ఆస్ట్రేలియాకు 8 పాయింట్లు, ఇండియాకు 2, న్యూజిలాండ్‌కు 2. నాలుగు మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచి ఫైనల్ చేరిన జట్టు మనది. న్యూజిలాండ్ కూడా ఒకటే గెలిచింది, మనల్నే. వాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారని రేడియోలో విన్నాను. వాళ్ల ఆట మీద మనకున్న ఆసక్తి మంగళవారం రాత్రితోనే అయిపోయింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అంతే.

సాయంత్రం బ్లూ సూక్ బజారుకి వెళ్లి ధరలు చూసి రోల్లాకు తిరిగొచ్చాం. బావ చేతిలో అక్క రాసిన ఉత్తరం, అందులో లిస్టు. నిడో పాల డబ్బాలు, టాంగ్, యార్డ్‌లీ పౌడర్, టైగర్ బామ్, అత్తమ్మకు దుప్పటి, మరదలు పెళ్లికి సెంటు సీసాలు. దుప్పటి దగ్గర దుకాణదారుతో గంట బేరం. అతను తగ్గడు, బావ కదలడు. చివరికి అతనే “సచిన్ రేపు సెంచరీ కొడితే పది దిర్హమ్‌లు వాపస్” అన్నాడు. బావ బిల్లు వెనక ఆ మాట రాయించుకుని సంతకం పెట్టించాడు.

ఏప్రిల్ 24, శుక్రవారం

మళ్లీ శుక్రవారం. అదనంగా సచిన్ ఇరవై అయిదో పుట్టినరోజు. గేటు బయట కేకు బొమ్మలు గీసిన అట్టలు. శుక్రవారానికి భయపడిన పెద్దమనిషి కూడా ఈసారి వచ్చాడు, జేబులో నిమ్మకాయతో. సెక్యూరిటీ వాడు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఏమనుకున్నాడో గానీ తిరిగి ఇచ్చేశాడు.

ఆస్ట్రేలియాకు మొదట్లో వికెట్లు టపటపా రాలాయి. అక్కడే ముగుస్తుందనుకుంటే స్టీవ్ వా, లీమన్ చెరో 70 కొట్టి 272కి లాగారు. 273 కావాలి. షార్జాలో రాత్రి లైట్ల కింద, ఈ బౌలింగ్ మీద, అంత లక్ష్యం అప్పట్లో చిన్నదేం కాదు.

సచిన్ బుధవారం నాటి ఆటలో కోపం ఉంది. ఈ రోజు లెక్క ఉంది. తొందరపడకుండా మొదలుపెట్టి, కాస్ప్రోవిచ్ వచ్చాక అతని తల మీదుగా లేపాడు. వార్న్ ఫీల్డర్లను బౌండరీకి పంపుతూనే ఉన్నాడు, బంతి వాళ్ల మధ్యలోంచి పోతూనే ఉంది. పది ఓవర్లలో 61 ఇచ్చాడు, వికెట్ లేదు. అవతల అజహర్, మణికట్టు తిప్పుతూ 58. ఆ ఇద్దరూ క్రీజులో ఉన్నంతసేపూ పాతబస్తీ వాళ్లు కూర్చోలేదు. వెనక వరుసవాళ్లు తిట్టి తిట్టి చివరికి వాళ్లూ నిలబడ్డారు. సచిన్ 134 కొట్టి వెళ్లేసరికి పని దాదాపు అయిపోయింది. ఇంకా తొమ్మిది బంతులుండగా 6 వికెట్లతో కప్పు మనది.

ఈ టోర్నమెంట్‌లో అతని స్కోర్లు వరుసగా 40, 80, 38, 143, 134. మొత్తం 435. బిల్లు కాగితం మలయాళీ గేటు దగ్గర కనపడితే ఆయనే కూడి చెప్పాడు.

రోల్లా దాకా నడిచాం. కార్ల హారన్లు, కిటికీల్లోంచి జెండాలు. బావ ఆ హడావుడిలో కూడా దుప్పటి దుకాణం మూసేలోపు వెళ్లాలని నన్ను లాక్కుపోయాడు. దుకాణదారు మమ్మల్ని చూడగానే డ్రాయర్ తెరిచి పది దిర్హమ్‌ల నోటు తీసి బల్ల మీద పెట్టాడు, ఒక్క మాట మాట్లాడకుండా. అతను కరాచీ వాడు.

ఏప్రిల్ 25, శనివారం, ఆ తర్వాత

పొద్దున్నే దేరా, అబ్రా, మళ్లీ షేరింగ్ టాక్సీ. అబుదాబిలో ఆఫీసుకు మధ్యాహ్నానికల్లా చేరాను. మేనేజర్ ఆస్ట్రేలియాలో చదువుకుని వచ్చినవాడు. క్రికెట్ ఊసెత్తలేదు, పెండింగ్ వోచర్లు మాత్రం నా బల్ల మీద పేర్పించి ఉంచాడు.

బావ మే మొదటి వారంలో విమానం ఎక్కాడు. అక్కడికెళ్లేసరికి ఇండియాలో ఇంకో ముక్కోణపు టోర్నమెంట్, ఈసారి బంగ్లాదేశ్, కెన్యాలతో. పెళ్లి పనుల మీద హైదరాబాద్ వచ్చి, మే 17 ఆదివారం లాల్ బహదూర్ స్టేడియానికి వెళ్లాడట. ఇండియా మ్యాచ్ కాదు. బంగ్లాదేశ్, కెన్యా ఆడుతున్నాయి. “మన మ్యాచ్ కాకపోతే ఏంది, షార్జాల నేర్చుకున్నం గద,” అని రాశాడు ఉత్తరంలో. కెన్యా 236 చేసింది. బంగ్లాదేశ్ రఫీక్ అనే స్పిన్నర్‌ను ఓపెనర్‌గా దింపితే అతను 77 కొట్టాడు. 6 వికెట్ల తేడాతో గెలిచారు. వన్డేల్లో బంగ్లాదేశ్‌కు అదే మొట్టమొదటి గెలుపు. ఉత్తరంలో రెండు పేజీలు ఆ మ్యాచే. ఎవరు ఏ బంతికి ఔటయ్యారో కూడా ఉంది. పెళ్లి సంగతులు చివర నాలుగు లైన్లలో తేల్చేశాడు. దుప్పటి అత్తమ్మకు నచ్చలేదట, రంగు ముదురైందంట. వచ్చేసారి లేతది తెమ్మంది, పది దిర్హమ్‌లు ఎక్కువైనా సరే అని.